స్నేహితుని జ్ఞాపకము చేసికొనుట ఎట్లు?

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 20వ అధ్యాయము, 2 సమూయేలు 1:11-27, 2 సమూయేలు 9వ అధ్యాయము.
కంఠస్థము చేయవలసిన వచనము: సామెతలు 17:17.



వృద్ధులు మృతినొందినప్పుడు ఏమి చెప్పవలెనో మన గ్రామములలో అందరికిని తెలియును. పండుటాకు రాలినదని చెప్పుదుము. మనుమలను మునిమనుమలను చూచి కన్ను మూసెనని చెప్పుదుము. కీర్తన పాడి, ప్రార్థించి, పిడికెడు మన్ను వేసి, యిండ్లకు వత్తుము. అయితే ముప్పది యేండ్లయినను నిండనివాడు మృతినొందినప్పుడు ఈ మాటలేవియు నోట రావు. అతడు కొని తెచ్చిన విత్తనములు మూటలోనే యున్నవి. అతడు లేపిన గోడలు పైకప్పు లేక నిలిచియున్నవి. అతని బిడ్డ యింకను ఉయ్యాలలోనున్నది. అట్టి పెట్టెయెదుట నిలిచినప్పుడు పాస్టరుగారికిని గొంతు పెగలదు.

ఇట్టి మరణమందు బంధువులకు ఒక స్థలము కలదు. భార్యయు తల్లియు పెట్టెయొద్ద కూర్చుందురు. అన్నదమ్ములు పెట్టె మోయుదురు. ఆదరణ కూటమందు వారి పేళ్లు చెప్పి ప్రార్థింతుము. మరి స్నేహితుడో? అతడు దూరముగా వేపచెట్టు క్రింద నిలుచును. కుర్చీలు తెచ్చును, నీళ్లు మోయును, గుంట త్రవ్వుటకు పార పట్టుకొనును. అతని భుజముమీద చేయి వేసి, నీకెట్లున్నదని అడుగువాడు లేడు. మూడవ దినమున అతడు పనికి పోవలెను. అతని దుఃఖమునకు వరుస లేదు గనుక దానికి లెక్కయు లేదు.

ఈ నెల పాఠము అట్టివారి కొరకై వ్రాయుచున్నాము. చనిపోయిన స్నేహితుని ఒకడు ఏలాగు జ్ఞాపకము చేసికొనెనో దేవుని వాక్యములో విపులముగా వ్రాయబడియున్నది. దావీదు యోనాతానుల చరిత్రను మనము చిన్నప్పుడు ఆదివారపు బడిలోనే నేర్చుకొంటిమి. కాని సాధారణముగా యోనాతాను బ్రదికియున్న కాలమునే చదివి ఆగిపోదుము. ఆయన మరణించిన తరువాత దావీదు ఏమి చేసెనో నిదానముగా చూతము.

దావీదు పరిస్థితి

దావీదు యోనాతాను చెల్లెలగు మీకాలును పెండ్లియాడెను గనుక యోనాతాను ఆయనకు బావమరది. అయితే సౌలు ఆమెను మరియొకనికిచ్చి ఆ బంధుత్వమును త్రెంచివేసెను (1 సమూయేలు 25:44). ఆ యింటివారి దృష్టికి దావీదు శత్రువుగా ఎంచబడెను. ఆయనకు మిగిలినది స్నేహము మాత్రమే. ఆ స్నేహములో యోనాతాను ఇచ్చినది కొంచెము కాదు. తన దుప్పటిని, కత్తిని, విల్లును, నడికట్టును ఇచ్చెను. దావీదు పక్షముగా తండ్రితో మాటలాడెను. అందునుబట్టి తండ్రి విసరిన యీటెకు ఎదురైనాడు. దావీదు జీఫు అరణ్యములో దాగియున్నప్పుడు యోనాతాను వెదకికొని వెళ్లి, దేవునియందు అతనికి ధైర్యము కలుగజేసెను (1 సమూయేలు 23:16-18). దావీదు రాజగుననియు, తాను అతని ప్రక్కను రెండవవాడుగా ఉందుననియు ఆయన ఆశపడెను. వారిద్దరు కలిసికొన్నట్లు వ్రాయబడిన చివరి సందర్భము అదియే. ఆ ఆశ నెరవేరలేదు.

గిల్బోవ పర్వతముమీద ఫిలిష్తీయులతో జరిగిన యుద్ధములో సౌలును, యోనాతానును, మరి యిద్దరు కుమారులును ఒక్క దినముననే కూలిరి. దావీదు అప్పుడు దక్షిణమున సిక్లగులో ఉండెను. ఆయనకు వార్త మూడవ దినమున వచ్చెను. స్నేహితుని ముఖము చూడలేదు. ఆయన శరీరమును బేత్షాను గోడనుండి దింపినవారు యాబేష్గిలాదువారు. ఎముకలను పాతిపెట్టినవారును వారే. దావీదుకు పిడికెడు మన్ను వేయుటకైనను వీలులేకపోయెను. పని కొరకు హైదరాబాదునకో గల్ఫు దేశములకో వెళ్లి, ఫోనులో వార్త విని, మట్టి కార్యక్రమమునకు అందలేకపోయిన మన యౌవనులకు ఈ బాధ తెలియును.

1. దావీదు ఏడ్చెను

వార్త వినగానే దావీదు తన వస్త్రములు చింపుకొనెను. ఆయనయు ఆయన మనుష్యులును సాయంకాలమువరకు ఉపవాసముండి యేడ్చిరి. తరువాత ఆయన ఒక విలాపగీతము చేసి, దానిని యూదావారికి నేర్పింపవలెనని ఆజ్ఞ యిచ్చెను. దానికి ధనుర్గీతమని పేరు. తన దుఃఖమును దాచుకొనక, జనులందరి నోట ఉంచెను.

ఆ గీతమును మీరు జాగ్రత్తగా చదువుడి. అందులో ఒక సంగతి మనకు ఆశ్చర్యము కలిగించును. 2 సమూయేలు 1వ అధ్యాయము 19వ వచనము మొదలుకొని 27వ వచనమువరకు దేవుని నామము ఒక్కసారియైనను కనబడదు. ఎన్నో కీర్తనలు రచించిన దావీదు, ప్రతి శ్రమలోను దేవునికి మొఱ్ఱపెట్టిన దావీదు, ఈ దినమున మాత్రము ఏమి పోయెనో అది మాత్రమే చెప్పుచున్నాడు. ఇది ఎందుకు జరిగెనని వివరింపబూనలేదు. ఇది అవిశ్వాసము కాదు. గాయము పచ్చిగానున్నప్పుడు వివరణలు పనికిరావని ఆయనకు తెలిసియుండెను.

మనమైతే వివరణలకు తొందరపడుదుము. మంచివారిని దేవుడు త్వరగా తీసికొనునని ఒకరందురు. ఆ యింట ఏ పాపము జరిగెనో అని మరియొకరు గుసగుసలాడుదురు. సిలోయములో గోపురము పడి 18 మంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులు కారని మన ప్రభువు స్పష్టముగా చెప్పెను (లూకా 13:4-5). కాబట్టి చావు యింటియెదుట కూర్చుండి పాపముల లెక్కలు వేయు అలవాటు క్రైస్తవునికి తగదు. ప్రభువు లాజరు సమాధియొద్ద, కొద్ది సేపటిలో అతని లేపబోవుచున్నానని యెరిగియు, ఏడ్చెను. స్తెఫను చంపబడినప్పుడు భక్తిగల మనుష్యులు అతనిగూర్చి మిగుల ప్రలాపించిరి (అపొస్తలుల కార్యములు 8:2). పౌలు థెస్సలొనీకయులకు వ్రాసినప్పుడు దుఃఖపడకూడదని చెప్పలేదు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడకూడదని చెప్పెను. మగవాడు ఏడ్వరాదనియు, విశ్వాసి ఏడ్వరాదనియు చెప్పు మాట వాక్యమందు లేదు. స్నేహితుడా, ఏడ్చుటకు నీకు అధికారమున్నది. సంఘమా, వేపచెట్టు క్రింద నిలిచియున్నవానిని చూడుము.

2. దావీదు నిజమైన సంగతులు చెప్పెను

ఆ గీతమందు దావీదు ఉత్త పొగడ్తలు పలుకలేదు. యోనాతాను విల్లు వెనుకతీయలేదనెను, అది నిజము. తండ్రికొడుకులు మరణమందును ఎడబాయలేదనెను, అదియు నిజమే. దావీదుపట్ల తండ్రి చేసినది అన్యాయమని తెలిసియు యోనాతాను తండ్రిని యుద్ధములో ఒంటరిగా విడువలేదు. తన్ను తరిమిన సౌలునుగూర్చి కూడ దావీదు అబద్ధము చెప్పలేదు, పగయు తీర్చుకొనలేదు. అతడు బలవంతుడనియు, ఇశ్రాయేలు స్త్రీలకు మంచి వస్త్రములు కలుగజేసెననియు ఉన్న మేలును చెప్పెను. చివరకు యోనాతానును నా సహోదరుడా అని పిలిచి, అతని ప్రేమ తనకెంత గొప్పదో చెప్పెను.

చనిపోయినవారినిగూర్చి మనము కూటములలో చెప్పు మాటలు చాలమట్టుకు ఒకేలాగుండును. మంచివాడు, మృదుస్వభావి, అందరికి ఉపకారి. ఏ పేరు పెట్టినను ఆ మాటలు సరిపోవును. దావీదు మాటలు యోనాతానుకు తప్ప వేరొకనికి సరిపడవు. స్నేహితుడు చేయగలిగిన మొదటి ఉపకారము ఇదియే. స్నేహితుని యొద్ద ఉన్న సంగతులు కొన్ని ఆ యింటివారి యొద్ద లేవు.

మాతోకూడ వేదాంత పాఠశాలయందు చదివిన స్నేహితుడొకడు 32వ యేట కామెర్లు ముదిరి మృతినొందెను. సంవత్సరము తిరిగిన పిమ్మట మేము ఆయన తల్లిని చూడబోతిమి. ఆమె మమ్మును అరుగుమీద కూర్చుండబెట్టి, మజ్జిగ యిచ్చి, "నాయనా, చిన్నప్పుడు వాడెట్లుండెనో నాకు తెలియును. అక్కడ మీ అందరిలో ఎట్లుండెనో నాకు తెలియదు. అది చెప్పు నాయనా" అనెను. మేము చెప్పితిమి. కరెంటు పోయిన రాత్రి ఆయన కొవ్వొత్తి వెలిగించి, హెబ్రీ భాష రాక పుస్తకము మూసివేసిన మాకు తెల్లవారువరకు నేర్పిన సంగతి చెప్పితిమి. వంటమనిషికి జ్వరము వచ్చిన దినమున ఆయనయే నలుబదిమందికి పప్పు వండి, ఉప్పు వేయుట మరచిపోయిన సంగతియు చెప్పితిమి. "ఇంటియొద్దను అంతే, వానికి ఉప్పు జ్ఞాపకముండదు" అని ఆమె నవ్వెను. నవ్వుచునే కొంగుతో కండ్లు తుడుచుకొనెను. ఆమె మమ్మును ప్రసంగము అడుగలేదు. తనకు తెలియని తన కుమారుని అడిగెను.

సంఘచరిత్రలోను ఇట్టి స్నేహితుడొకడు కలడు. స్కాట్లండు దేశమందు రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అను దైవసేవకుడుండెను. ఆయన 1813లో ఎడిన్‌బరో పట్టణమందు పుట్టెను. 1831లో ఆయన అన్న దావీదు యౌవనములోనే మృతినొందగా, ఆ మరణమే ఆయనను ప్రభువు తట్టు త్రిప్పినది. పదునొకండు సంవత్సరముల తరువాతను ఆయన ఆ దినమును మరువక జ్ఞాపకము చేసికొనెను. 1836లో డండీ పట్టణమందు పరిశుద్ధ పేతురు సంఘమునకు కాపరి అయ్యెను. జ్వరపీడితుల యిండ్లకు వెళ్లి పరామర్శించుచు, తానును టైఫస్ జ్వరము తగిలి 1843 మార్చి 25న మరణించెను. అప్పటికి ఆయనకు 29 సంవత్సరములు.

ఆయనకు ఆండ్రూ బోనార్ అను స్నేహితుడుండెను. వారిద్దరు కలిసి చదువుకొనిరి; 1839లో కలిసి పాలస్తీనా దేశమునకు ప్రయాణము చేసిరి. మెక్‌షేన్ మరణించిన మరుసటి సంవత్సరమే, అనగా 1844లో, బోనార్ ఆయన జీవితచరిత్రను వ్రాసి, ఆయన ఉత్తరములను ప్రసంగములను చేర్చి అచ్చు వేయించెను. ఒక పట్టణపు సంఘమునకే తెలిసిన యువసేవకుడు దానినిబట్టి అనేక దేశములవారికి తెలిసెను. మెక్‌షేన్ తన సంఘము కొరకు 1842 చివరలో తయారు చేసిన బైబిలు పఠన పట్టిక, సంవత్సరములో పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధనయు కీర్తనలును రెండుసార్లు చదువునట్లు ఏర్పరచబడినది, నేటికిని లోకమందు వాడబడుచున్నది. బోనార్ తన స్నేహితుని తరువాత దాదాపు ఏబది సంవత్సరములు బ్రదికి, 1892లో మృతినొందెను. చిన్న వయస్సులో పోయినవాని మాటలను పెద్ద వయస్సువరకు బ్రదికిన స్నేహితుడు కాపాడెను.

మనమందరము పుస్తకములు వ్రాయలేము. అయితే నోటుపుస్తకములో రెండు పుటలు వ్రాయగలము. వ్రాయుట రానివాడు బడికి పోవు పిల్లవానిచేత వ్రాయింపగలడు. స్నేహితుడు చిన్న బిడ్డను విడిచి పోయినయెడల, ఆ బిడ్డకు తండ్రి ముఖమైనను జ్ఞాపకముండదు. పటము గోడమీద ఉండును గాని పటము మాటలాడదు. నీ తండ్రి యిట్లు నవ్వెడివాడు, బండి యిట్లు తోలెడివాడు, దారి తప్పిన యొకని కొరకు రాత్రంతయు వెదకెను అని నీవు చెప్పినయెడల, ఆ బిడ్డకు తండ్రినిచ్చినవాడవగుదువు.

3. దావీదు విచారించెను

ఇప్పుడు పాఠములోని ముఖ్యమైన భాగమునకు వచ్చితిమి. యోనాతాను బ్రదికియున్నప్పుడు దావీదును ఒక ప్రమాణము అడిగెను. తాను చనిపోయినను తన యింటివారియెడల దయను త్రెంచివేయకుమని అడిగెను (1 సమూయేలు 20:14-17). దావీదు ప్రమాణము చేసెను. గీతము పాడుటతో ఆ ప్రమాణము తీరదు.

యోనాతానునకు మెఫీబోషెతు అను కుమారుడుండెను. గిల్బోవ వార్త వచ్చిన దినమున వానికి ఐదేండ్లు. దాది వానిని ఎత్తికొని తొందరగా పారిపోవుచుండగా వాడు పడి రెండు కాళ్లు కుంటివాడాయెను (2 సమూయేలు 4:4). ఒకే వార్త సిక్లగులో ఒకని వస్త్రములను చింపెను. సౌలు యింట ఒక పసివాని కాళ్లను తీసికొనెను. స్నేహితుని దుఃఖము ఎంత గొప్పదైనను, ఆ యింటి నష్టము దానికంటె లోతైనదని మనము మరువరాదు.

చాల సంవత్సరములు గడచెను. దావీదు హెబ్రోనులో ఏడు సంవత్సరముల ఆరు నెలలు ఏలెను, తరువాత యెరూషలేమునకు వచ్చెను, యుద్ధములు చేసెను. 9వ అధ్యాయమునకు వచ్చుసరికి ఆ ఐదేండ్లవాడు పెద్దవాడై, మీకా అను చిన్న కుమారునికి తండ్రియై, లోదెబారులో మాకీరు అనువాని యింట బ్రదుకుచుండెను. రాజు మనుమడు ఒకరి పంచన ఉండెను. అప్పుడు దావీదు, యోనాతానును తలంచి తాను దయచూపుటకు సౌలు యింటివారిలో ఎవడైన మిగిలియున్నాడా అని విచారించెను. ఎవరును ఆయనయొద్దకు అర్జీతో రాలేదు. ఆయనయే అడిగెను.

ఇందులో మనకు రెండు సంగతులున్నవి. మొదటిది, ఆలస్యమాయెనని ఆగరాదు. స్నేహితుడు పోయి పదేండ్లాయెను, ఇప్పుడు ఏ ముఖముతో ఆ యింటికి వెళ్లుదునని సిగ్గుపడువారు మనలో కలరు. దావీదు ఆ సిగ్గును దాటి విచారించెను. లోదెబారులోనున్నవానికి ఆలస్యముగా వచ్చిన దయయు దయయే. రెండవది, వారు వచ్చి అడుగవలెనని కనిపెట్టరాదు. మెఫీబోషెతు రాజు ఎదుట వణకుచు సాగిలపడెను. లేమిలోనున్నవారు అడుగుటకు భయపడుదురు. విచారించు పని స్నేహితునిది.

దావీదు ఏమి ఇచ్చెనో చూడుడి. మొదట, భయపడవద్దని చెప్పెను. తరువాత సౌలు భూమిని తిరిగి యిప్పించెను. కుంటివాడు దున్నలేడు గనుక, పదునైదుగురు కుమారులును ఇరువదిమంది దాసులును గల సీబాకు ఆ భూమి సేద్యము అప్పగించెను. చివరకు తన బల్లయొద్ద, రాజకుమారులలో ఒకనివలె, నిత్యము భోజనము చేయునట్లు నియమించెను. ఆ బల్లమీద కుంటి కాళ్లు కనబడవు. అక్కడ యోనాతానునుగూర్చి ఆ కుమారునికి చెప్పదగినవాడు దావీదుకంటె మరి యెవడున్నాడు?

మన గ్రామములలో ఇది ఏ రూపము దాల్చును? చనిపోయినవాని పొలము పాసు పుస్తకములో భార్య పేరునకు మారవలెను. ఆ కాగితములు పట్టుకొని మండల కార్యాలయమునకు ఆమెతో తిరుగు మగదిక్కు కావలెను. వితంతు పింఛనుకు అర్జీ వ్రాయవలెను. చేబదులిచ్చినవారెవరో, తీసికొన్నవారెవరో తరచుగా స్నేహితునికే తెలియును; ఆ లెక్కను ఆ యింటికి నమ్మకముగా చెప్పవలెను. బిడ్డ బడి మానకుండ చూడవలెను. కోతల కాలమున ఒక పూట మనిషిని పంపవలెను. ఇవి చిన్న పనులు. ఇట్టి చిన్న పనులు చేయువారు లేకనే అనేక కుటుంబములు భూమి పోగొట్టుకొనినవి.

ఒక జాగ్రత్త చెప్పుచున్నాము. చిన్న వయస్సులోనున్న విధవరాలి యింటికి వెళ్లునప్పుడు ఒంటరిగా వెళ్లకుడి. భార్యనైనను, తల్లినైనను, సంఘపు పెద్దనైనను వెంటబెట్టుకొని పగటివేళ వెళ్లుడి. మన దయ ఆమెకు నిందగా మారకూడదు గదా. లోకులు ఏమనుకొందురో అని బొత్తిగా వెళ్లుట మానివేయుటయు తప్పే. మీ భార్య ఆమెకు అక్కగానో చెల్లెలుగానో అయినయెడల ఆ స్నేహము రెండిండ్ల స్నేహమగును.

చనిపోయినవాడు మన సంఘస్థుడు కాకపోయినను, మన దేవుని ఎరుగనివాడైనను, ఈ బాధ్యత తగ్గదు. అతని నిత్యత్వమునుగూర్చి తీర్పు చెప్పు పని మనకీయబడలేదు. సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయును. అతని బిడ్డలకు అన్నము పెట్టు పని మాత్రము మన చేతికందునంత దూరములోనే ఉన్నది.

4. దావీదు చివరివరకు నిలిచెను

తరువాతి చరిత్ర సులభముగా సాగలేదు. అబ్షాలోము తిరుగబడినప్పుడు సీబా వచ్చి, మెఫీబోషెతు ద్రోహి అని చెప్పెను. దావీదు ఒక్కని మాట విని భూమి అంతయు సీబాకిచ్చెను (2 సమూయేలు 16:1-4). రాజు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు గడ్డము కత్తిరించుకొనక, బట్టలు ఉతుకుకొనక, దుఃఖముతో ఎదురువచ్చి తన సంగతి చెప్పుకొనెను. అప్పుడు దావీదు భూమిని ఇద్దరికి పంచెను. స్నేహితుని యింటినిగూర్చి మూడవవాడు తెచ్చు కొండెములు విని చేయి వెనుకకు తీయరాదని ఇందులో హెచ్చరిక యున్నది. రెండు పక్షములు విననిదే తీర్మానము చేయకుడి.

అయినను దావీదు ఆ ప్రమాణమును విడువలేదు. గిబియోనీయులు సౌలు సంతతివారిని అడిగినప్పుడు, యోనాతానుతో చేసిన ప్రమాణముచేత మెఫీబోషెతును అప్పగింపక కాపాడెను. ఆ తరువాత యాబేష్గిలాదునుండి సౌలు యోనాతానుల యెముకలను తెప్పించి, బెన్యామీను దేశమందు, వారి పితరుడగు కీషు సమాధిలో పాతిపెట్టించెను (2 సమూయేలు 21:7, 12-14). మొదటి దినమున వేయలేని మన్నును ఎన్నో సంవత్సరముల తరువాత వేయించెను.

మనలో జ్ఞాపకము మూడవ దినమునను, సంవత్సరపు కూటమునను బలముగానుండి, పిమ్మట సన్నగిల్లును. ఈస్టరు ప్రాతఃకాలమున సమాధులకు సున్నము వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించు ఆచారము అనేక సంఘములలో ఉన్నది. అది మంచిదే. అయితే సమాధికి సున్నము వేసి, ఆ సమాధిలోనున్నవాని యింటి కప్పు కారుచుండగా చూచి ఊరకుండినయెడల, మన జ్ఞాపకము సగములోనే నిలిచిపోయినదని తెలిసికొనవలెను.

5. మన ప్రభువు బల్లయొద్ద

చివరకు మన ప్రభువును తలంచుదము. ఆయన పరిచర్య మొదలుపెట్టినప్పుడు దాదాపు ముప్పది యేండ్లవాడు (లూకా 3:23). కొద్ది సంవత్సరములలోనే సిలువవేయబడెను. అనగా లోకరీతిగా చూచినయెడల ఆయనయు చిన్న వయస్సులోనే చనిపోయిన స్నేహితుడు. శిష్యులను దాసులని కాక స్నేహితులని పిలిచెను. సిలువమీదనుండి తన తల్లిని ప్రియశిష్యునికి అప్పగించెను. ఆ గడియనుండి అతడు ఆమెను తన యింట చేర్చుకొనెను (యోహాను 19:26-27). తన్ను జ్ఞాపకము చేసికొను విధమును ప్రభువే అక్కడ చూపెను. తల్లికి ఒక యిల్లు దొరికెను. ఆదరించుటకు ఒక చేయి దొరికెను.

తన్ను జ్ఞాపకము చేసికొనుటకు ఆయన మనకును ఒక బల్లనిచ్చెను. దావీదు బల్లయొద్ద కుంటివాడు యోనాతాను నిమిత్తము కూర్చుండెను. ప్రభువు బల్లయొద్ద మనము మన యోగ్యతనుబట్టి కాక క్రీస్తు నిమిత్తమే కూర్చుందుము. అయితే భేదమొకటి కలదు. యోనాతాను లేవలేదు; మన స్నేహితుడు మూడవ దినమున లేచెను. ఆయన వచ్చువరకు ఆ రొట్టె విరుతుము. ఆయనయందు నిద్రించినవారిని ఆయన వెంటబెట్టుకొని వచ్చునను నిరీక్షణ మనకున్నది (1 థెస్సలొనీకయులకు 4:13-18). అంతవరకు వారి యిండ్ల తలుపులు తట్టు పని మనకు విడువబడినది.

కుటుంబ ప్రార్థనలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. దావీదు విలాపగీతములో కారణములు వెదకలేదు. చావు యింట మనము పలుకకూడని మాటలేవి?

2. చిన్న వయస్సులో పోయిన మీ స్నేహితునిగూర్చి ఆయన యింటివారికి తెలియని ఒక మంచి సంగతి మీకు తెలియునా? దానిని ఎవరికి చెప్పవలెను?

3. మెఫీబోషెతును వెదకినవాడు దావీదు. మన సంఘములో గత పదేండ్లలో తండ్రిని పోగొట్టుకొనిన బిడ్డలెవరు? వారు ఇప్పుడు ఎక్కడ చదువుచున్నారు, ఎవరి యింట ఉన్నారు?

4. స్నేహితుని యింటినిగూర్చి విన్న చెడ్డ మాటచేత మనము రాకపోకలు మానివేసితిమా? రెండవ పక్షము వింటిమా?

ఈ నెలలో చేయవలసిన పని: పురుషుల కూటములో ప్రతివాడును చనిపోయిన ఒక స్నేహితుని పేరును ఒక కాగితముమీద వ్రాసి, ఆ పేరు క్రింద ఆయన విడిచిపోయినవారి పేళ్లను వ్రాయవలెను. పై పేరు కొరకు దేవునికి స్తోత్రము చెల్లింపుడి. క్రింది పేళ్ల కొరకు ప్రార్థింపుడి. వచ్చే నెల కూటమునకు మునుపు వారిలో ఒకరి యింటికి వెళ్లి రండి.